కొసరుగా ఇచ్చిన పొర

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవీ: రేకుల కప్పున్న పొడవాటి షెడ్డు, అందులో నడుం ఎత్తున పాత సర్క్యూట్ బోర్డుల గుట్ట, షెడ్డు వెనక ఎప్పుడూ ఆరని పొయ్యి, ఇంట్లో ఇద్దరు పడుకునే మంచం మీద ఒకే ఒక్క దిండు. రెండో దిండు మా ఆవిడ తీసుకుపోయింది.

ఎక్కువ దూరం తీసుకుపోలేదు. షెడ్డు పక్కనున్న సందుకు అవతల, మేడ మీద గదిలో తన చెల్లెలు ఉంటుంది. అక్కడికి. మా కిటికీలోంచి చూస్తే ఆమె ఆరేసిన దుప్పటి కనబడుతుంది. వెళ్లేముందు పోట్లాడలేదు, ఏడవలేదు. దిండు చంకన పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, దగ్గు తెర తగ్గేదాకా ఆగి, "పొయ్యి ఆర్పిన రోజు కబురు చెయ్యండి, వస్తాను" అంది.

నాది చచ్చిన యంత్రాల వ్యాపారం. పాడైన రేడియోలు, ఫోన్లు, బొమ్మలు, ఎవరికీ అక్కర్లేనివన్నీ నా దగ్గరకు చేరతాయి. బోర్డుల్నీ వైర్లనీ పొయ్యిలో వేస్తే ప్లాస్టిక్ కాలిపోయి రాగి మిగులుతుంది. రాగికి ఏ కాలంలోనైనా గిరాకీ ఉంటుంది. పొగకే లేదు. అమ్ముడుపోని ఆ సరుకునంతా మా ఆవిడ తన ఛాతీలో నిలవ వేసుకుంది. డాక్టరు దగ్గరకు తీసుకెళితే, "పొగ మానెయ్యాలి" అన్నాడు. "ఆవిడ పొగ తాగదండీ" అన్నాను. "మీరు తాగిస్తున్నారుగా" అన్నాడు.

బేరమంటే నాకు భయం లేదు. ఎదుటి మనిషి అడిగినదాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వస్తే ఎక్కడో ఒకచోట ఇద్దరం కలుస్తాం. అందుకని రోజూ మధ్యాహ్నం సందు దాటి, మేడమెట్లెక్కి, మా ఆవిడ ఎదురుగా కూర్చునేవాణ్ణి.

"పొయ్యిని ఇంకాస్త వెనక్కి జరిపిస్తాను."

"జరిపించండి. పొగకు దారి తెలియదా ఏంటి?"

"పోనీ, గొట్టం ఎత్తు పెంచుతాను."

"అప్పుడు నాకు బదులు వెనకవీధి ఆడవాళ్లు దగ్గుతారు. వెళ్లి వాళ్ల మొగుళ్లతో బేరమాడుకోండి."

"ఆదివారాలు ఆర్పేస్తాను. ఇంతకంటే దిగలేను."

"అయితే ఆదివారాలు వస్తాను. మిగతా వారానికి సరిపడా పలకరించి వెళతాను, సరేనా?"

ఇలా ప్రతి మధ్యాహ్నం బేరం మొదలుపెట్టిన చోటే ఆగేది. నేను ఉత్త చేతులతో మెట్లు దిగేవాణ్ణి. అయితే దిగడానికి తొందరపడేవాణ్ణి కాదు. ఆ గది అలాంటిది.

కిటికీలకు పల్చటి తెల్లగుడ్డ కట్టి ఉంటుంది. ఎండ అందులోంచి వడకట్టుకుని మెత్తగా లోపలికి దిగుతుంది. మూడు గోడల వెంటా బల్లలు, బల్లల మీద వెడల్పాటి గాజు పళ్లాలు, పళ్లాల్లో చక్కెర కలిపిన టీ నీళ్లు. గదంతా పుల్లటి వాసన. వచ్చిన కొత్తలో ముక్కు మూసుకుంటాం, కాసేపయ్యాక అదే వాసన కోసం ఇంకాస్త లోతుగా గాలి పీలుస్తాం. ఏ పళ్లెమూ కదలకూడదు. తలుపు నెమ్మదిగా వెయ్యాలి, మాట నెమ్మదిగా ఆడాలి, తుమ్మొస్తే మెట్ల మీదికి పరుగెత్తాలి. అలా కదలకుండా ఉంచితే ఆ నీళ్ల మీద, పాల మీద మీగడ కట్టినట్టు, ఒక పొర కడుతుంది. మొదట ఉందో లేదో తెలియని తడి మెరుపు. తర్వాత ఊపిరి తగిలిన అద్దం. చివరికి, వేలితో ఎత్తితే వెలుతురు పట్టుకుని వేలాడే పల్చటి కాగితం.

ఇదంతా మా మరదలి పని. చిన్నప్పటినుంచీ ఇంట్లో అందరూ ఆమెను జిగురు అంటారు, పట్టుకుంటే వదలదని. వెనిగర్ ఫ్యాక్టరీలో సరుకు పరీక్షించే ఉద్యోగం. అక్కడి తొట్లలో తేలే పొరలను అందరూ తీసి పారేస్తుంటే, ఈమె ఒక ముక్క ఇంటికి తెచ్చుకుని పెంచడం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ పొర ఉండలు కడుతుంది. జిగురు పెంచిన పొర ఎక్కడ చూసినా ఒకే మందంలో, సన్నగా పరుచుకుంటుంది. దాన్ని అలా మచ్చిక చేసుకోవడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.

"ఎవరు నేస్తున్నారమ్మాయ్ దీన్ని?" అని అడిగాను మొదటిసారి చూసినప్పుడు.

"కంటికి కనబడనివాళ్లు, బావా. బ్యాక్టీరియా. చక్కెర తిని దారం వదులుతాయి. ఒక్కోటి తనకు తోచినట్టు అటూ ఇటూ తిరుగుతుంది. అన్ని దారాలూ కలిసి చిక్కుపడితే ఇదిగో, ఇది."

"కూలి?"

"చక్కెర."

"సెలవులు?"

"అడగవు."

"మంచి పనివాళ్లే."

"కోట్లమంది ఉన్నారు మరి. సమ్మె చేస్తే నా గతి ఆలోచించు."

మా ఆవిడ దిండు ఆ బల్లల మధ్య, నేల మీద పరుపు మీద ఉండేది. అక్కడ పడుకోవడం మొదలుపెట్టాక తన కలలు మారాయని చెప్పింది. ఇంట్లో ఉన్నప్పుడు కలలో కూడా దగ్గేదట. ఇక్కడ కళ్లు మూస్తే పొర పెరగడం వినబడుతుందట.

"ఎలా ఉంటుంది ఆ చప్పుడు?" అన్నాను.

ఆలోచించింది. "పడుకున్నవాళ్ల మీద, నిద్ర చెడకుండా, ఎవరో ఇంకో దుప్పటి కప్పుతున్నట్టు."

వినబడని వాటికి వెల కట్టడం నాకు రాదు. కానీ ఒక మధ్యాహ్నం ఆ బల్ల పక్కనే కుర్చీలో కునుకు పట్టింది. నేను ఒక పెద్ద గాజు పళ్లెం అడుగున వెల్లకిలా పడుకుని ఉన్నాను. పైన ఆకాశం మెల్లిగా మీగడ కడుతోంది. నేను ఈ జన్మలో కొన్నవీ అమ్మినవీ, రేడియోలూ టార్చిలైట్లూ మాట్లాడే బొమ్మలూ, ఆ పొరలోంచి ఒక్కొక్కటే మెత్తగా నా వైపు దిగుతున్నాయి. ఏదీ తగల్లేదు. ఏదీ చప్పుడు చెయ్యలేదు. ఇంత సరుకు దించడానికి ఒక్క హమాలీ కూడా అక్కర్లేకపోయిందే అనుకుంటూ మేలుకున్నాను.

మేలుకునేసరికి అక్కాచెల్లెళ్లు ఒక గిన్నె మీదికి వంగి ఉన్నారు.

ఆరిన పొర మీద మా ఆవిడ రాగిగీతలు అచ్చు వేసింది. పెళ్లికి ముందు ఆమె బట్టల మీద తెర అచ్చు వేసేది, ఆ చెయ్యి ఇంకా పోలేదు. రాగిపొడి కలిపిన ముద్దను తెరలోంచి తోసి, నా షెడ్డులోని పాత బోర్డుల నుంచి పట్టకారుతో పీకిన ఒక చిప్పునూ ఒక చిన్న దీపాన్నీ దాని మీద అతికించింది. దీపం వెలిగింది. అక్కడివరకూ నాకేమీ విడ్డూరం కాదు. ఆ తర్వాత జిగురు దీపం ఆర్పి, మొత్తం బోర్డును గోరువెచ్చటి నీళ్లలో వేసి, సీసాలోంచి ఏదో రసం నాలుగు చుక్కలు వేసింది.

"ఇదేంటి?"

"ఈ పొరను తినే రసం. ఇదీ సూక్ష్మజీవులదే. ఒక జాతి నేస్తే ఇంకో జాతి విప్పుతుంది."

కూర్చున్నాం. కిటికీ గుడ్డ మీద ఎండ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. పొర ముందు ఉబ్బింది, తర్వాత జావలా అయింది, తర్వాత ఎక్కడికి పోయిందో పోయింది. గిన్నె అడుగున రాగిపొడి సన్నటి ఇసుకలా పేరుకుంది. చిప్పు, పండు తినేశాక మిగిలిన గింజలా, శుభ్రంగా పడి ఉంది. నేను వేలు ముంచి ఆ ఇసుకను రుద్ది చూశాను. మసి లేదు. మంట లేకుండా రాగి! నా అరచేతులు చల్లబడ్డాయి. మంచి సరుకు ఎదురైనప్పుడే అలా జరుగుతుంది.

"అమ్మాయ్," అన్నాను, "ఇది నాకు అమ్ము."

"ఏది? నీళ్లా?"

"ఈ పని."

మా ఆవిడ తల ఎత్తకుండానే, "ముందు పొయ్యి ఆర్పమను" అంది చెల్లెలితో, నేను అక్కడ లేనట్టు.

నా గుట్టలో సగానికి సగం పండ్లపెట్టెల బిళ్లలే. పండ్లను దూరం పంపేటప్పుడు ప్రతి పెట్టెకూ అగ్గిపెట్టె మూతంత బిళ్ల అతికిస్తారు. దారిలో పెట్టె ఎప్పుడైనా వేడెక్కిందా అన్నది అది గుర్తుపెట్టుకుంటుంది. ప్రయాణం అయిపోగానే దాని పనీ అయిపోతుంది. పండు తినేవాడు తొక్కతో పాటు దాన్నీ పారేస్తాడు. ఒక్క ప్రయాణం బతికే వస్తువుకు వందేళ్లు చావని ప్లాస్టిక్ బోర్డు. ఆ లెక్కలో పొరపాటు నాకు అంతకుముందు కనబడలేదు, ఎందుకంటే ఆ పొరపాటే నాకు తిండి పెడుతోంది.

అలాంటి బిళ్లలు ఎక్కువగా వాడేది పండ్లు నిలవ ఉంచే చల్లగిడ్డంగి పెద్దావిడ. ఎండాకాలంలో కూడా స్వెట్టరు విప్పదు. కాయను చూడదు, ముందు వాసన చూస్తుంది. మనుషుల్ని కూడా అంతే.

"ఒకసారి వాడి పారేసేదానికి ఇంత కథెందుకు, షావుకారూ?" అంది నేను చెప్పిందంతా విని.

"పారెయ్యకండి, అమ్మగారూ. అది చెప్పడానికే వచ్చాను. పెట్టెలు దించిన చోట మీ మనుషులు బిళ్లలు ఊడదీసి నాకే తిరిగివ్వాలి. నేను కరిగించి, అదే రాగితో, అదే చిప్పుతో మళ్లీ బిళ్ల చేసి తెస్తాను."

"అంటే అమ్మిందే మళ్లీ అమ్ముతావు."

"కాల్చిందే మళ్లీ కాల్చలేను కదండీ."

ఆవిడ నవ్వింది. ఒక బండికి సరిపడా చేసి తీసుకురా, చూద్దాం అంది. మాట కుదిరింది. మాట కుదిరాక కొసరు వెయ్యకుండా చేతులు దులుపుకోవడం నా వల్ల కాదు. వైరు కొన్నవాడికి నాలుగు స్క్రూలు, స్క్రూలు కొన్నవాడికి ఒక అయస్కాంతం ముక్క, అది నా పద్ధతి. ఆ రోజు సంచిలో చూపించడానికి తెచ్చిన సీసా ఉంది. టీ నీళ్లలో తేలుతున్న పచ్చి పొర. దాన్ని ఆవిడ బల్ల మీద పెట్టాను.

"దీన్నేం చేసుకోను?"

"చక్కెర టీ పొయ్యండి. పెరుగుతుంది."

"మా ఇంట్లో వాళ్లకూ అదే పోస్తున్నాను. ఒక్కరూ పెరగలేదు."

మేడ మీదికి వచ్చి ఈ ముచ్చట చెబితే జిగురు నవ్వలేదు. "ప్రాణమున్న పొరను ఇచ్చొచ్చావా? బావా, నువ్వు కొసరు వెయ్యలేదు, కొట్టు తాళంచెవి చేతిలో పెట్టావు." మా ఆవిడ మాత్రం, "ఆయన నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కూడా మా నాన్నకు బ్యాటరీ కొసరు వేశారు" అంది.

మొదటి బండి బిళ్లలు పనికిరాలేదు. గిడ్డంగిలో చలితో పాటు తేమ కూడా ఉంటుందని మేం అనుకోలేదు. పొర తేమ పీల్చి ఉబ్బింది, రాగిగీతలు తెగిపోయాయి. పెద్దావిడ ఒక బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుని, "ఇది స్నానం చేసి వచ్చింది" అని నా చేతిలో పెట్టింది. ఇంకో అవకాశం ఇస్తానంది, అయితే అంతకుముందు మా పని చోటు తన కళ్లతో చూడాలంది.

తేమకు మందు జిగురు దగ్గర ఉంది. "ఇంకో జాతి ఉన్నాయి, బావా. వాటికి తిండి ఎక్కువైతే ఒంట్లో కొవ్వు దాచుకుంటాయి. ఆ కొవ్వు తీసి కరిగిస్తే ప్లాస్టిక్‌లా పూత వేసుకోవచ్చు. నీళ్లు అంటవు. వాడాక అంచులు కత్తిరిస్తే లోపలి పొర మళ్లీ మామూలుగానే కరుగుతుంది."

"కొవ్వు దాచుకునేవాణ్ణి ఇంట్లోనే పెట్టుకుని బయట వెతకడం ఎందుకే?" అంది మా ఆవిడ నా పొట్ట వైపు చూస్తూ.

మందు లేనిది ఇంకొకటి ఉంది. జిగురు ఒక పొరను కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. తెల్లటి వెలుతురులో అక్కడక్కడా నల్లటి చుక్కలు. "గాలి ఇటు తిరిగిన రోజుల్లో పడుతున్నాయి. చుక్క ఉన్నచోట గీత సరిగ్గా అంటదు. ఇది నీ పొయ్యి, బావా."

నేను అర్థం కానట్టు ఆ పొరను తిప్పి చూశాను. అర్థమైంది. పెద్దావిడ మాట ఖాయం కాకుండా పొయ్యి ఆర్పితే నేను ఏమీ లేనివాణ్ణి అవుతాను. పొయ్యి మండుతుంటే మా ఆవిడ రాదు, పొర శుభ్రంగా పెరగదు. చేతిలో ఉన్నదాన్ని వదిలి, రాబోయేదాన్ని పట్టుకోవడం నాకు తెలిసిన వ్యాపారం కాదు. ఆ రెండూ ఒకేసారి నా దగ్గర ఉండే ఉపాయం కోసం చూశాను. మా ఆవిడ అది కనిపెట్టి, బేరానికి కూర్చోవడమే మానేసింది. నేను వెళితే అచ్చు తెర తుడుచుకుంటూ ఉండేది. ఆమె మౌనం కంటే ఆమె దగ్గే నయం అనిపించేది.

పెద్దావిడ రావడానికి ముందురోజు అక్కాచెల్లెళ్లు పూత సామాను కోసం బయటికి వెళ్లారు. అప్పుడే పొరలన్నీ తీసి ఆరబెట్టారు, పళ్లాలు ఖాళీగా ఉన్నాయి. గది చూసుకోమని తాళం నాకిచ్చారు. నేను చూశాను. కొనేవాళ్లు వచ్చేచోటు ఎలా ఉండాలో నాకు తెలుసు. సరుకు సంగతి తర్వాత, ముందు కొట్టు మెరవాలి. షెడ్డు నుంచి బోర్డులు కడిగే ఆసిడ్ తెచ్చాను. బకెట్ల కొద్దీ నీళ్లు మరిగించాను. పళ్లాలన్నీ తోమాను. మూలన, గుడ్డ కప్పి ఉన్న పెద్ద జాడీ కనబడింది. ఆ గుడ్డను జిగురు ఎప్పుడూ ఎవరినీ ఎత్తనిచ్చేది కాదు. ఎత్తి చూశాను. లోపల గోధుమరంగు ముద్ద, దాని నుంచి కిందికి వేలాడుతున్న పీచు, మీద నురుగు. కుళ్లిపోయింది, పిల్ల సిగ్గుపడి దాచిందనుకున్నాను. తీసి తూములో పారబోసి, జాడీని కూడా ఆసిడ్‌తో తళతళలాడేలా కడిగి బోర్లించాను.

వాళ్లు వచ్చేసరికి గది అద్దంలా ఉంది. పుల్లటి వాసన లేదు. మెచ్చుకుంటారని గుమ్మంలో నిలబడ్డాను.

జిగురు బోర్లించిన జాడీని చూసింది. దాని దగ్గరకు వెళ్లి, లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది, ఏదైనా మిగిలి ఉంటుందేమోనన్నట్టు. తర్వాత నేల మీద కూర్చుంది.

"అది తల్లి పొర, బావా" అంది. "ప్రతి పళ్లెంలోకీ దాన్నుంచే ముక్క వేసేది."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు బదులు చెప్పగలను. మా ఆవిడ వచ్చి చెల్లెలి పక్కన కూర్చుంది. పెద్దావిడకు ఇంకో రోజు రమ్మని కబురు పంపాం. జిగురు ఫ్యాక్టరీ నుంచి పొర తెచ్చి వేసింది. ఉండలు కట్టింది. పళ్లాల కడుపులో అంటుకున్నదేదైనా బతుకుతుందేమోనని చక్కెర టీ పోసి చూసింది. టీ చల్లారి, ఉత్త టీగానే ఉండిపోయింది. గుడ్డలోంచి ఎండ మామూలుగానే దిగేది. కింద పట్టుకోవడానికి ఏమీ లేక పళ్లాల మీద జారిపోయేది. మా ఆవిడ అటు తిరిగి పడుకునేది. "ఇప్పుడేమీ వినబడడం లేదు" అంది ఒకసారి, గోడతో.

ఆ మాట విన్నాక నాకు సీసా గుర్తొచ్చింది.

"ఒకచోట ఉంది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"తాళంచెవి" అన్నాను జిగురుతో. "నేను ఇచ్చొచ్చింది."

కొసరు వెనక్కి అడగడం వ్యాపారంలో లేని పని. పైగా కొనేమనిషి దగ్గరకు వెళ్లి నా దగ్గర సరుకు పుట్టే దారే లేదని చెప్పుకోవడం. దారి పొడవునా రకరకాల మాటలు కట్టాను. ఆ సీసాకు నీళ్లు మార్చాలి, పరీక్ష చెయ్యాలి, దాని బదులు ఇంకా పెద్దది తెచ్చిస్తాను... గిడ్డంగి తలుపు తీయగానే చల్లటి ఆవిరి కాళ్ల చుట్టూ తిరిగింది. పెట్టెల వరసల మధ్య, పండ్ల వాసనలో నిద్రలో నడిచినట్టు నడిచి ఆవిడ గదికి వెళ్లాను. బల్ల మీద నా సీసా లేదు. కిటికీ దగ్గర, ఎండలో కాకుండా పక్క నీడలో, దానికి మూడింతల గాజు డబ్బా ఉంది. అందులో అరచేతి మందాన తెల్లటి పొర.

"నువ్వు చెప్పినట్టే టీ పోశాను. సీసా చాల్లేదు, డబ్బా మార్చాను" అంది పెద్దావిడ. "దీన్ని చూస్తూ లెక్కలు రాస్తే తప్పులు పడటం లేదు. ఏంటి ఇలా వచ్చావు?"

"దానికి ఒకసారి నీళ్లు..." అని మొదలుపెట్టాను.

ఆవిడ ముందుకు వంగి గాలి పీల్చింది. "షావుకారూ, నీ దగ్గర ఎప్పుడూ పొగ వాసన వస్తుంది. ఇవాళ దాని మీద భయం వాసన కూడా ఉంది. అసలు సంగతి చెప్పు."

చెప్పాను. ఆసిడ్‌తో సహా. జాడీని తళతళలాడించిన సంగతి దగ్గర ఆవిడ స్వెట్టరు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొసరు వెనక్కి అడిగే వ్యాపారిని నా జన్మలో చూడలేదు."

"నేనూ చూడలేదండీ."

"ఇస్తాను. మొత్తం ఇవ్వను." పండ్లు కోసే కత్తి తీసి, డబ్బాలోంచి పొరను ఎత్తి, బల్ల మీద పరిచి, రెండుగా కోసింది. తడి పొర కోస్తుంటే చప్పుడు రాలేదు. "సగం నాతో ఉంటుంది. నువ్వు మళ్లీ శుభ్రం చేస్తే రావడానికి ఒక చోటు ఉండాలిగా?"

నా సగాన్ని ఆ పాత సీసాలోనే వేయించుకుని, చొక్కా లోపల, కడుపుకు ఆనించి పట్టుకుని వచ్చాను. సన్నగా తుంపర పడుతోంది. వీధులన్నీ మసగ్గా, ఒకదాని వెనక ఒకటి గుడ్డలు వేలాడదీసినట్టు ఉన్నాయి. నడుస్తుంటే సీసాలో పొర కొద్దిగా ఊగి, నా పొట్టకు తగిలీ తగలనట్టు తెలుస్తోంది. లోకంలో ఆ జాతిది ఇంతే, ఇక ఆ కిటికీ నీడలో సగం. నా జీవితంలో ఎన్నో బరువులు మోశాను, ఇంత తేలికదాన్ని ఎప్పుడూ మొయ్యలేదు.

సందు మొదట్లోకి వచ్చి ఆగిపోయాను. మేడమెట్ల దగ్గరకు వెళ్లాలంటే షెడ్డు వెనకగా వెళ్లాలి. తుంపరకు పొగ పైకి లేవలేక, సందు నిండా, మోకాలి నుంచి తల దాకా నల్లగా నిలబడి ఉంది. రోజూ నేను నడిచే పొగే. అందులోంచి ఈ సీసాతో వెళ్లడానికి కాలు రాలేదు.

"ఆర్పెయ్" అన్నాను పొయ్యి దగ్గర మనిషితో.

"ఏంటి షావుకారూ?"

"పొయ్యి ఆర్పెయ్."

"లోపల వైరు సగమే కాలింది. ఇప్పుడు ఆర్పితే ఎందుకూ పనికిరాదు."

"రాకపోనీ."

అతను నా మొహం చూసి పీపాలోంచి నీళ్లు తోడి పోశాడు. పొయ్యి పెద్దగా నిట్టూర్చింది. నల్లటి పొగ బూడిదరంగుకు, బూడిదరంగు తెలుపుకు తిరిగింది. తెల్లటి ఆవిరి లేచి, తుంపరలో కలిసి, సందంతా నిండింది. కాసేపు నాకు నా చేతులు కూడా కనబడలేదు. కలలో చూసిన ఆ పళ్లెం అడుగున ఉన్నాననిపించింది. ఆవిరి పల్చబడేసరికి మేడ మీద కిటికీ తెరుచుకుని ఉంది. మా ఆవిడ చూస్తోంది.

మెట్లెక్కేసరికి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పొయ్యి ఆరిందే?"

"ఆరింది."

"నా ఛాతీ కోసం ఆరలేదు. ఆ మీగడ కోసం ఆరిందా?"

ఆ లెక్క ఆవిడ సరిగ్గానే వేసింది. చొక్కాలోంచి సీసా తీసి చూపించాను. "నువ్వు కూడా సీసాలో పట్టేదానివైతే," అన్నాను, "ఎప్పుడో ఆర్పేవాణ్ణి."

కోపంగా చూద్దామనుకుంది. కుదరలేదు. నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు తగ్గాక గోడ పట్టుకుని, "దాన్ని లోపల పెట్టండి, దానికి చలి తగులుతుంది" అంది. జిగురు అప్పటికే టీ కాచింది.

మా ఆవిడ వెంటనే రాలేదు. బూడిద తీసేదాకా రానంది. తీయించాను. పొయ్యి గొయ్యి కడిగేదాకా రానంది. కడిగించాను, ఈసారి ఆసిడ్ లేకుండా. పాత బోర్డుల గుట్టను, కాల్చకుండా, పొగ పట్టుకునే పెద్ద కొలిమి ఉన్నవాళ్లకు పంపేశాను. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంటి తలుపు దానంతట అది నెమ్మదిగా తెరుచుకుంది. చంకన దిండు, రెండు చేతుల్లో నిండుగా ఒక గాజు పళ్లెం. "ఇది పడగ్గదిలో ఉంటుంది. తలుపు మెల్లిగా వెయ్యండి" అంది.

ఇక చివరి లెక్క.

పోయినవి: పొయ్యి, దాని రాగి కొనే పాతవాళ్లు, ఎందుకూ పనికిరాక షెడ్డులో ఇప్పటికీ పడి ఉన్న సగం కాలిన వైరు చుట్ట. పెద్దావిడ కిటికీలో ఉన్న సగం పొర ఆవిడదే. ఏ బేరానికి కూర్చున్నా ముందు దాని వైపు ఒకసారి చూస్తుంది, నేను దిగుతాను.

మిగిలినవి: పొయ్యి ఉన్న గొయ్యి ఇప్పుడు నీళ్ల తొట్టి. పూత వేసిన బిళ్లలు గిడ్డంగి తేమకు నిలిచాయి, ప్రయాణం ముగించినవి పండ్ల వాసనతో తిరిగి వస్తాయి. పొయ్యి దగ్గరి మనిషే అంచులు కత్తిరించి వాటిని గోరువెచ్చటి నీళ్లలో వదులుతాడు. మధ్యాహ్నం నేను గట్టున కూర్చుంటాను. పొర విడిపోతుంది, రాగి సన్నగా మెరుస్తూ కిందికి దిగుతుంది, చప్పుడు లేకుండా. మా ఆవిడకు చలికాలంలో దగ్గు ఇంకా వస్తుంది. మిగతా రోజుల్లో ఆమె నిద్రపోతుంటే ఊపిరి ఒకదాని మీద ఒకటి దుప్పటి కప్పినట్టు వినబడుతుంది. మంచం మీద రెండు దిండ్లు. రెండోదానికి ఇంకా పుల్లటి వాసన. అది కొసరు.